ఫైలు దొరికింది, గొంతు ఎవరిది?

బాన్సువాడలో ఒక డిగ్రీ కాలేజీలో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యానని చెప్పగానే ఎదుటివాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: "మరి పనేముంటుండె మేడమ్?" పుస్తకాల మీద దుమ్ము దులపడం, ఫ్యాను కింద కూర్చోవడం, పరీక్షలప్పుడు గైడ్ల కోసం ఎగబడే పిల్లలను కసరడం, ఇంతే అనుకుంటారు. కసరడం మాట నిజమే. ఆ పని నేను మనసు పెట్టి చేశాను, అందులో నాకు పేరు కూడా వచ్చింది.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి వచ్చి "ఏమైనా చెప్పండి మేడమ్" అంటున్నారు. ప్రమోషన్ల సంగతి, ఆడిట్ల సంగతి నేను చెప్పను. వాటికి వేరే మనుషులున్నారు. నా చివరి ఏళ్ళలో సగం రోజులు ఒక సాఫ్ట్‌వేర్ చుట్టూ తిరిగాయి. ఆ కథే చెబుతాను. అందులో నాకు కోపం వచ్చిన రోజులున్నాయి, నవ్వాపుకోలేని రోజులున్నాయి. మొత్తం మీద ఇష్టమే ఎక్కువ.

మాది కోటగిరి దగ్గర క్యాంపు. మా తాతలు కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద వరి వేసుకున్నవాళ్ళు. అందుకని నా మాట సగం అటు, సగం ఇటు ఉంటుంది. కాలేజీలో అందరూ ఆ సంగతి పట్టుకుని నన్ను ఆటపట్టించేవారు, నేనూ ఊరుకునేదాన్ని కాదు.

చుట్టమా, చుట్టం అడ్రసా

పరిశోధన చేసేవాళ్ళు చదివిన పుస్తకం, వ్యాసం, ఊళ్ళో రికార్డు చేసుకున్న మాట, అన్నిటి వివరాలూ ఒకచోట రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. ఎవరు రాశారు, ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని నింపుతారు. ఆ వివరం పక్కన అసలు ఫైలును తగిలిస్తారు. థీసిస్ రాసేటప్పుడు ఒక్క నొక్కుతో సూచిక దానంతట అదే పడుతుంది. మా కాలేజీలో పీహెచ్‌డీ చేస్తున్న లెక్చరర్లు నలుగురైదుగురు ఉండేవారు. వాళ్ళందరికీ లైబ్రరీలో ఉన్న మంచి కంప్యూటర్ ఒక్కటే దిక్కు.

ఫైలును తగిలించడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, సాఫ్ట్‌వేర్ ఆ ఫైలుకు నకలు తీసి తన దగ్గర దాచుకోవడం. రెండోది, ఫైలును ఉన్నచోటే ఉంచి, అది ఫలానా ఫోల్డర్లో ఉందని గుర్తు మాత్రం రాసుకోవడం. దీన్ని లింకు అంటారు. నేను అందరికీ ఇలా చెప్పేదాన్ని: మొదటిది చుట్టాన్ని తెచ్చి ఇంట్లో కూర్చోబెట్టుకోవడం, రెండోది చుట్టం అడ్రసు రాసి జేబులో పెట్టుకోవడం. చుట్టం ఇల్లు మారితే ఆ అడ్రసు పట్టుకుని ఎంత తిరిగినా తాళమే కనబడుతుంది.

అందరూ తలూపేవారు. తలూపి, లింకే పెట్టేవారు. ఎందుకంటే నకలు పెడితే సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఉచితంగా ఇచ్చిన చోటు నిండిపోతుంది. లింకుకు చోటు అక్కర్లేదు. వాళ్ళను తప్పుపట్టలేను, సౌకర్యంగా ఉన్నదాన్నే మనిషి ఎంచుకుంటాడు.

కామర్స్ మోహన్ సార్ వీళ్ళందరికంటే ఒక మెట్టు పైన. ఆయన ఫైలు దించుకునేవాడే కాదు. వెబ్ పేజీ లింకు ఒక్కటి తగిలించి లేచిపోయేవాడు. "ఫైలు దించి పెట్టుకోండి సార్, రేపు ఆ పేజీ ఉంటుందో లేదో" అంటే నవ్వాడు.

"ఇంటర్నెట్ల ఉన్నది యాడికి పోతది మేడమ్? మన బస్టాండా, ఖాళీ చేయించనీకి?"

ఏడాది తిరక్కుండానే ఆ వెబ్‌సైటు వాళ్ళు పాత పేజీలన్నీ ఎత్తేశారు. మోహన్ సార్ వచ్చి నా టేబుల్ ముందు నిలబడి "పోయింది మేడమ్" అన్నాడు, ఇంట్లో మనిషి పోయినట్టుగా. నేను మాత్రం నవ్వలేదు, ఆ పూటకు.

ఆయనతోనే పెన్‌డ్రైవు గొడవ కూడా. మా దగ్గర మాస్టార్లు పెన్‌డ్రైవును బండి తాళాల గుత్తికే తగిలించుకుని తిరిగేవారు. మోహన్ సార్ ఫైళ్ళన్నీ దాంట్లోనే ఉంచి, ఇంట్లో కూర్చుని లింకులు పెట్టుకుని, కాలేజీకి వచ్చి తెరిస్తే ఒక్కటీ తెరుచుకునేది కాదు. ఇంటికి పోతే మళ్ళీ శుభ్రంగా తెరుచుకునేవి.

"మీ కంప్యూటర్‌కు నా మీద పగ ఉంది మేడమ్."

"దానికేం పని లేదా సార్, మీ మీద పగ పట్టడానికి?"

విషయం చిన్నది. ఆయన ఇంటి కంప్యూటర్ పెన్‌డ్రైవుకు ఒక అక్షరం పెట్టి పిలుస్తోంది, మా కంప్యూటర్ ఇంకో అక్షరం పెట్టి పిలుస్తోంది. లింకులో మొదటి అక్షరమే తప్పితే ఇక దారి మొత్తం తప్పినట్టే. దీనికి సెట్టింగుల్లో మందు ఉంది. మూల ఫోల్డర్ ఏదని ఒకచోట అడుగుతుంది. అక్కడ మన ఫోల్డర్ చూపిస్తే, సాఫ్ట్‌వేర్ ఆ తర్వాతి దారిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. కంప్యూటర్ మారినప్పుడు మూల ఫోల్డర్ ఒక్కటి మళ్ళీ చూపిస్తే చాలు, లింకులన్నీ లేచి కూర్చుంటాయి. ఆ రోజు మోహన్ సార్ సంతోషం పట్టలేక మర్నాడు వాళ్ళ తోట నుంచి చెరుకు గడలు మోసుకొచ్చాడు. లైబ్రరీలో చెరుకు నమలరాదని నేను బోర్డు పెట్టాల్సి వచ్చింది. బహుశా అలాంటి బోర్డు ఇంకే లైబ్రరీలోనూ ఉండదు.

రేణుక

రేణుక తెలుగు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. సన్నగా, ఎప్పుడూ ఎక్కడికో బయలుదేరినట్టు ఉండేది. ఆమె పీహెచ్‌డీ విషయం నాకు మొదటి రోజు నుంచీ నచ్చింది: పొలానికి నీళ్ళు పెట్టేటప్పుడు ఆడవాళ్ళు వాడే మాటలు. ఇటు కాలువ ఉన్న కోటగిరి ఊళ్ళు, అటు మరాఠీ సరిహద్దున కాలువ లేని, బావుల మీద బతికే జుక్కల్ ఊళ్ళు, రెండు వైపులా తిరిగి ముసలివాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించింది. సెలవు దొరికితే చాలు, షేర్ ఆటోలో పడి పోయేది. తిరిగొచ్చేటప్పుడు ఒళ్ళంతా దుమ్ము, ఫోను నిండా గొంతులు.

ఫోనులో చోటు చాలక, రికార్డింగులన్నీ లైబ్రరీ కంప్యూటర్‌లోకి దించి ఫోను ఖాళీ చేసేది. ఊరికొక ఫోల్డర్. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ: పేరు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, వయసు. దాని పక్కన ఆ మనిషి గొంతుకు లింకు.

రెండు విషయాల్లో ఆమె నా మాట వినలేదు. రికార్డింగు మొదట్లో పేరు, ఊరు చెప్పించమన్నాను. వినలేదు.

"పేరు చెప్పుమంటే బిగుసుకపోతరు మేడమ్. సర్కారోళ్ళు రాసుకుంటుండ్రనుకుంటరు. ముచ్చట్ల వడ్డంక సప్పుడుకాక బటన్ ఒత్తుత."

రెండోది, ఫైలు పేరు. వివరాల పేజీలో ఉన్న పేరునే ఫైలుకు కూడా పెట్టే సెట్టింగు ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఒక టిక్కు పెడితే చాలు. రేణుక మొదట పెట్టింది. అయితే తెలుగులో పడ్డ ఆ పేర్లు వాళ్ళ గైడ్ సార్ పాత కంప్యూటర్‌లో వరసగా డబ్బాలై కనిపించాయట. "ఇవేం డబ్బాలమ్మా" అని ఆయన విసుక్కుంటే ఈమె ఆ టిక్కు తీసేసింది. ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టుకోమని నన్నడిగితే చెప్పి ఉండేదాన్ని, అడగలేదు. దాంతో ఫైళ్ళకు ఫోను ఇచ్చిన ఉత్త నంబర్లే మిగిలాయి. ప్రతి ఊళ్ళోనూ మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఆ నంబరు ఎవరో చెప్పేది ఒక్క లింకు మాత్రమే.

కమిటీ వస్తోంది

కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందంటే ఏం జరుగుతుందో మీకు త్వరలోనే తెలుస్తుంది. గోడలకు సున్నం, కుండీలకు ఎర్రరంగు, ఎప్పుడూ తెరవని గదులకు కొత్త తాళాలు. మా ప్రిన్సిపల్ సార్ మంచివాడే. పిల్లల ఫీజు విషయంలో ఆయన చూపిన దయ నేను కళ్ళారా చూశాను. కానీ కమిటీ అనే మాట వింటే ఆయన మనిషి మనిషి కాదు.

"మేడమ్, వాళ్ళు ఏ రూముల తల పెడ్తరో ఎరుకనా? కంప్యూటర్ గూడ చూస్తరట. తెరుస్తే నీటుగ ఉండాలె."

ఆ వారం నేను మా చెల్లెలి కూతురి పెళ్ళికి సెలవులో ఉన్నాను. ప్రిన్సిపల్ సార్ ఆ పనిని కంప్యూటర్ ఆపరేటర్ సాయిలుకు అప్పజెప్పాడు. సాయిలు ముప్పై దాటిన వాడు, చెప్పిన పనిని చెప్పినదానికంటే ఎక్కువ చేసే రకం. గోడకు సున్నం వేసినంత శ్రద్ధగా కంప్యూటర్‌నూ శుభ్రం చేశాడు. ఎవరెవరి ఫోల్డర్లో ఏముందో అంతా బయటికి తీసి, జాతుల వారీగా సర్దాడు. కాగితాలన్నీ ఒక ఫోల్డర్, ఫొటోలన్నీ ఒక ఫోల్డర్, పాటలన్నీ ఒక ఫోల్డర్. ఖాళీ అయిన పాత ఫోల్డర్లను తీసిపారేశాడు. రేణుక ఊరూరా తిరిగి తెచ్చిన గొంతులు అతని లెక్కలో పాటలు.

కమిటీ వచ్చింది. కుండీలు చూసి బాగున్నాయంది. భోజనం చేసి వెళ్ళిపోయింది. కంప్యూటర్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

నేను సెలవు నుంచి వచ్చేసరికి రేణుక కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఏ పేరు నొక్కినా ఫైలు దొరకలేదనే జవాబే వస్తోంది.

"ఒక్కటి గూడ తెరుసుకుంటలేదు మేడమ్. గిట్లెట్లయింది?"

సాయిలును పిలిచాను. నా మొహం చూడగానే అతనికి అర్థమైంది.

"నేనేం డిలీట్ చెయ్యలే మేడమ్. అన్నీ ఉన్నయి. నీటుగ సర్దిన."

"ఎక్కడ సర్దావు?"

చూపించాడు. పాటల ఫోల్డర్లో ఊళ్ళన్నీ కలిసిపోయి ఉన్నాయి. ప్రతి ఊళ్ళోనూ అవే నంబర్లు కాబట్టి, ఒకే పేరున్న ఫైళ్ళు ఎదురైనప్పుడు రెంటినీ ఉంచమన్నాడట. కంప్యూటర్ వాటి పక్కన బ్రాకెట్లలో రెండు, మూడు, నాలుగు అని వేసుకుంటూ పోయింది. కొన్నింటి మధ్యలో బోనాల పాటలు కూడా ఉన్నాయి, అవి సాయిలువే.

నా కోపం సంగతి రాయను. సాయిలు ఇప్పటికీ దాన్ని తలచుకుని పిల్లలకు చెబుతుంటాడట. కానీ ఒక మాట ఒప్పుకోవాలి: ఏదీ పారేయకుండా రెంటినీ ఉంచమని నొక్కిన ఆ చేతికి నేను మనసులో దండం పెట్టుకున్నాను. ఒక్కసారి ఇంకో బటన్ నొక్కి ఉంటే సగం గొంతులు మిగిలేవి కావు.

"బ్యాకప్ తీసినం గద మేడమ్?" అంది రేణుక ఆశగా.

తీశాము. ఇక్కడ మీరు బాగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఉంది. సాఫ్ట్‌వేర్‌కు బ్యాకప్ తీస్తే దాని ఇంట్లో ఉన్న చుట్టాలు మాత్రమే వస్తారు. అడ్రసులు రాసుకున్నవాళ్ళు రారు. రేణుక పెట్టినవన్నీ అడ్రసులే.

గొంతులు వింటూ

నేను, రేణుక, సాయిలు ముగ్గురం కూర్చున్నాం. సాయిలును నేను పిలవలేదు, తనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఫైలు తేదీలు మారలేదు కాబట్టి ఏది ఏ ఊరిదో తేలింది. ఇక ఆ ఊళ్ళో ఎవరిదనేది చెవులతో తేల్చాలి. ఒక్కొక్కటి వేసి వినడం, రేణుక కళ్ళు మూసుకుని చెప్పడం.

"ఈమె చిన్నక్క, ఎనుక మేక అరుస్తుంటది, ఆ మేకే. ఈమె పోశవ్వ. ఈమెకు నవ్వాగదు మేడమ్, ఆగుండ్రి, గిప్పుడు నవ్వుతది."

నిజంగానే నవ్వింది. మేమూ నవ్వాం. నా ఉద్యోగంలో నేను చాలా పుస్తకాలు చదివాను గానీ, ఆ కొన్నాళ్ళు చెవులతో చదివినంత ఇష్టంగా దేన్నీ చదవలేదు. నేను పుట్టి పెరిగిన కాలువ ఊళ్ళ మాటలు, మా క్యాంపు వాళ్ళం పక్కనే ఉండీ ఎప్పుడూ చెవి పెట్టని మాటలు, అక్కడ విన్నాను. సాయిలు కూడా మెల్లగా మారాడు. మధ్యలో ఒకసారి "మా అవ్వ గూడ గిట్లనే అంటుండె" అని, తర్వాతి ఫైలు తనే నొక్కాడు.

చివరికి అన్నీ తేలి ఒకే ఒక చోట ఆగాం. జుక్కల్ దగ్గర ఒక ఊరు. ఒకే వాకిలి, రెండిళ్ళు, ఇద్దరు తోడికోడళ్ళు. పెద్దామె గంగాబాయి మరాఠీ ఊరి నుంచి వచ్చిన కోడలు. చిన్నామె నర్సవ్వ మా కోటగిరి వైపు పిల్ల. ఒకే రోజు, ఆ వాకిట్లోనే ఇద్దరి గొంతులూ రికార్డయ్యాయి. ఇద్దరికీ పళ్ళు లేవు. ఏళ్ళ తరబడి ఒకే బావి దగ్గర పనిచేసినవాళ్ళు, మాట తీరు కూడా కలిసిపోయింది. ఎవరి దగ్గర ముందు కూర్చుందో రేణుకకు గుర్తులేదు. అడుగుదామంటే ఇద్దరూ ఆ తర్వాత కొన్ని నెలల తేడాతో పోయారు.

అంత పట్టుబట్టడం ఎందుకంటారా? ఆ రెండు ఫైళ్ళలో ఒకదానిలో ఒక మాట ఉంది. నీటిని గట్టు దగ్గర మళ్ళించి మడిలోకి పంపడాన్ని మా కాలువ ఊళ్ళలో 'మడవ కట్టుడు' అంటారు. ఆ ఫైల్లో ముసలమ్మ 'దార్ పట్టుడు' అంది. అది మరాఠీ ఇళ్ళ మాట. కాబట్టి గంగాబాయిదేనని రేణుక లింకు సరిచూసుకోకుండానే రాసుకుపోయింది. రేణుక థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం దాని మీదే నిలబడింది. సరిహద్దు దాటి వచ్చిన కోడళ్ళు తమ నీళ్ళ మాటలను వెంట తెచ్చుకుని, చివరిదాకా వదల్లేదని ఆమె వాదన. గంగాబాయి అంటే ఆ వాదన నిలుస్తుంది. నర్సవ్వ అంటే మొదటి నుంచి మళ్ళీ ఆలోచించుకోవాలి.

గైడ్ సార్‌కు ఫోను చేసింది. స్పీకరులో నేనూ విన్నాను.

"ఎవరు చెప్పారో తెలియని మాటను థీసిస్‌లో పెట్టడానికి లేదమ్మా. గంగాబాయి అని నీకు గట్టిగా అనిపిస్తే పెట్టు. లేదంటే ఆ అధ్యాయం తీసెయ్. నెలాఖరుకు ఇచ్చెయ్యాలి."

గట్టిగా అనిపిస్తే పెట్టమనడం పెద్ద ప్రలోభం. గంగాబాయి పేరు పెట్టేస్తే అడిగేవాడు లేడు. అధ్యాయం చక్కగా కుదిరిపోతుంది. ఏం చేస్తుందో అని నేను రేణుక మొహం చూస్తూ కూర్చున్నాను.

"ఇద్దరు గూడ అడిగిండ్రు మేడమ్, నా పేరు బుక్కుల వస్తదా బిడ్డా అని. వస్తదన్న. ఒకరి మాట ఇంకొకరి పేరు మీద ఎట్ల రాస్త?"

ఆ అమ్మాయి మీద నాకు అంతకుముందే ఇష్టం ఉండేది. ఆ రోజు నుంచి గౌరవం కూడా.

"ఫోన్ల పంపిస్తే ఆళ్ళ ఇంటోళ్ళు చెప్తరు గదా" అన్నాడు సాయిలు.

రేణుక ఒప్పుకోలేదు. "పోయినోళ్ళ గొంతు సాయిలన్నా. ఫోన్ల పారేస్తమా? పోయి ముంగట కూసోని ఇనిపియ్యాలె."

ఇక్కడ ఒక సెట్టింగు మాట చెప్పి ముందుకు వెళ్తాను. బయలుదేరే ముందు మేం ఆ కంప్యూటర్‌ను మొదటి నుంచి సరిచేశాం. గొంతులకు లింకు వద్దు, నకలు సాఫ్ట్‌వేర్‌లోనే. చోటు చాలదంటే పెద్ద ఫైళ్ళకు మాత్రం లింకు, అదీ మూల ఫోల్డర్ చూపించాకే. ఫైలు పేరులో ఇంగ్లీషు అక్షరాల్లో మనిషి పేరు, ఊరు. ఆ టిక్కు ఎప్పుడూ ఉండాలి, అప్పుడు లింకు తెగినా ఫైలు తన పేరు తను చెప్పుకుంటుంది. రేణుక పక్కన కూర్చుని అన్నీ తనే చేసింది. సాయిలు మూల ఫోల్డర్ మీద 'ముట్టుకోవద్దు, సార్ చెప్పినా సరే' అని పేరు పెట్టాడు. ప్రిన్సిపల్ సార్ అది చూసి నవ్వి, మార్చమనలేదు. అందుకే అన్నాను, ఆయన మంచివాడని.

ఆ వాకిట్లో

ఆదివారం నేనూ రేణుకా జుక్కల్ బస్సెక్కాం. నేను ఎందుకంటారా? ఆ గొంతులు అన్ని రోజులు విన్నాక అది నా పని కూడా అయిపోయింది. లైబ్రేరియన్ పని లైబ్రరీలో అయిపోదు, ఈ మాట మీకు ఎవరూ నియామకం కాగితంలో రాసి ఇవ్వరు.

కాలువలు వెనకబడ్డాయి. వరి పోయి సోయా, పత్తి, కంది వచ్చాయి. జుక్కల్‌లో దిగి ఆటోలో ఆ ఊరికి వెళ్ళాం. వాకిలి రేణుకకు గుర్తుంది. గంగాబాయి ఇంటికి తాళం వేసి ఉంది, వాళ్ళు పని మీద హైదరాబాద్ వెళ్ళారట. రెండో ఇంటి ముందు నర్సవ్వ కోడలు శాంత నులక మంచం మీద కూర్చుని చాటలో పెసలు చెరుగుతోంది. నలభై పైన ఉంటాయి. రేణుకను గుర్తుపట్టి మమ్మల్ని కూడా మంచం మీదే కూర్చోబెట్టుకుంది.

రేణుక విషయం చెప్పింది. ఒక మాట ఎవరిదో తెలుసుకోవాలని, అత్తదో పెద్దత్తదో తెలియడం లేదని, వినడానికి కష్టంగా ఉంటే వద్దని. శాంత చాట పక్కన పెట్టింది.

"పెట్టుండ్రి. అత్త పోయినంక ఫొటో సూస్తున్న గని, గొంతు యాడిది?"

రేణుక ఫోనులో ఆ ఫైలు నొక్కింది. మొదట కోడి అరుపు. ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు. ఇంకా మాటే మొదలుకాలేదు.

శాంత చప్పున మంచం దిగి కింద కూర్చుంది. కొంగు తీసి తల మీద కప్పుకుంది.

నేను రేణుక వైపు చూశాను. రేణుక నా వైపు చూసింది. సొంత అత్త ముందు కోడలు మంచం మీద కూర్చోకపోవడం, తల మీద కొంగు తీయకపోవడం ఆ వైపు ఇళ్ళలో ఇప్పటికీ ఉంది. ఎవరి గొంతు అని మేం అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది.

ఫోనులో నర్సవ్వ తన పడుచుతనం చెబుతోంది, బావి దగ్గర పొద్దంతా దార్ పట్టుడు, కాళ్ళు నాని తెల్లబడుడు. రేణుక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె అధ్యాయం అక్కడే తలకిందులైంది. వాదన పోయిందని ఏడుస్తుందేమో అనుకున్నాను. కళ్ళలో నీళ్ళయితే ఉన్నాయి, కానీ మొహం వెలిగిపోతోంది.

"కోటగిరి బిడ్డ గదా అక్కా మీ అత్త. గీ మాట యాడ నేర్చుకున్నది?" అని మెల్లగా అడిగింది.

శాంత తల ఎత్తకుండానే చెప్పింది, గొంతు బాగా తగ్గించి, ఇంట్లో పెద్దవాళ్ళ ముందు మాట్లాడినట్టు.

"మా అత్త వచ్చినప్పుడు ఆమెకు బాయి పనే రాదట. పెద్దత్తనే పక్కకు నిలవెట్టుకోని నేర్పింది. ఇద్దరు యారాండ్లు ఒక్క తీరుగ అయిపోయిండ్రు. పెద్దత్త పోయినంక గూడ, తను పోయేదాంక, నీళ్ళు పెట్టనీకి పోయినప్పుడల్ల ఆమె మాటలే అంటుండె. గట్లంటే పక్కకున్నట్టు ఉంటదంటుండె."

రేణుక ఆ మాటను రాసుకోలేదు, రికార్డు చేయలేదు. కోడళ్ళు తమ మాటలను వెంట తెచ్చుకుంటారని ఇన్నాళ్ళూ రాసింది. వాటిని ఒకరికొకరు ఇచ్చుకుంటారని ఇక రాయాలి. అది మంచి అధ్యాయం అవుతుందని నాకు అక్కడే తెలిసింది.

ఫైలు ఇంకా నడుస్తోంది. బావి, గట్టు, వానలు లేని ఏడు, ఎడ్లు. శాంత మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కదలకుండా వింటోంది. ఉన్నట్టుండి నర్సవ్వ మాట ఆపి, ఇంట్లోకి కేకేసింది.

"ఏమే, చాయ్ వెట్టినవా? పిల్ల ఎప్పటిసంది కూసున్నది."

"పెడ్తున్న అత్తమ్మా" అని శాంత లేచింది.

లేచి నిలబడ్డాక గానీ ఎవరికి జవాబు చెప్పిందో ఆమెకు తెలియలేదు. మా ఇద్దరి వైపూ చూసింది. ఫోను వైపు చూసింది. తర్వాత కొంగు తల మీది నుంచి తీయకుండానే లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది.